బూటు మట్టి

సెగెద్ ఊళ్ళో, తీసా నది ఒడ్డున
పరిశోధన వాళ్ళ గాజింట్లో నీళ్ళు పోసే పని నాది.
పేరు గెల్లెర్ట్. చదువు ఎనిమిదితో సరి.
ఎమొకె డాక్టరు పట్టా పుచ్చుకున్నాక కూడా
ఇంకా చదువుతూనే ఉంది,
రెండేళ్ళకోసారి కొత్త కాగితం మీద సంతకం పెట్టి.
ఈసారి కాగితం మార్చి నెలాఖరుకి చెల్లిపోతుంది.

ఆమె మొక్క చూడ్డానికేమంత గొప్పగా ఉండదు.
లూసర్న్ గడ్డికి చిన్న చెల్లెలు:
మూడేసి ఆకులు, ఆవగింజంత పసుపు పూత,
నత్తగుల్లలా చుట్టుకున్న కాయ.
అసలు కథంతా కిందే అంటుంది తను.
ఆకలేసిన వేరు మట్టిలోకి ఒక వాసన వదులుతుందట.
ఆ వాసన ఎరిగిన పురుగు...
"పురుగనకు గెల్లెర్ట్, బాక్టీరియా అను."
సరే, ఆ కంటికానని ప్రాణి తిరుగు కబురు పంపుతుందట.
వేరు మీది నూగు కొన వంచి,
చూపుడువేలు మడిచి పిలిచినట్టు
లోపలికి రమ్మంటుందట.

"లోపలికెళ్ళాక?"
గొట్టం చుట్ట చుడుతూ అడిగాను.

లోపలికెళ్ళాక ఇల్లరికం.
తిండికి లోటుండదు.
బదులుగా గాలిలోంచి నత్రజని పట్టి పెట్టాలి.
మొక్క పెట్టే మందు తిని అది ఉబ్బుతుంది.
ఇక పిల్లల్ని కనదు,
మట్టిలోకి తిరిగి పోదు.
చెప్తూ చెప్తూ ఆగిపోయింది.
చేతి తొడుగు విప్పి, మళ్ళీ అదే తొడుక్కుంది.
నేను అవతలి వరస తడపడానికి వెళ్ళాను.

మూడో వరసలోవి అవిటి మొక్కలు,
కావాలని ఒక జన్యువు చెడగొట్టినవి.
వాటి వేళ్ళకి బుడిపెలొస్తాయి గానీ తెల్లగా, ఉత్తగా ఉంటాయి.
పనిచేసే బుడిపె గులాబీ రంగు;
కోస్తే కనిపించే ఎరుపు
మన నెత్తురుకి దూరపు చుట్టమట.
రెండేళ్ళుగా ఆ వరసంతా తెలుపే.
జనవరిలో ఒక సోమవారం
ఆరో కుండీ మాత్రం పచ్చగా నిలబడి ఉంది.
పీకి, పంపు కింద కడిగి, వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.
గులాబీ.

చీటీలు తారుమారు చేశావా అని అడిగింది.
లేదన్నాను. అది నిజమే.
చెప్పని నిజం ఇంకోటుంది:
డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం, కుందేళ్ళకి గడ్డి కోసి
మా లూసర్న్ మడిలోంచి నేరుగా డ్యూటీకొచ్చాను,
బూట్లు మార్చుకోకుండా.
పదకొండు రోజులు నోరు కుట్టేసుకున్నాను.
ఉద్యోగం పోతుందని భయం.
పన్నెండో రోజు మింగలేక కక్కేశాను.

తిట్టలేదు.
ఒక చిన్న గొట్టమూ, పండ్లు కోసే చాకూ తెచ్చి
నా కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుంది.
"పిలవని పేరంటానికొచ్చిందెవరో చూద్దాం" అంటూ
ఎడమ బూటు అడుగు గీకింది.
నలభై ఏళ్ళ నౌకరీలో నా కాళ్ళ దగ్గర
డాక్టరమ్మ కూర్చోవడం అదే మొదలు.
మేజోడుకి చిల్లుంది. దాచలేకపోయాను.

నాలుగే అక్షరాలట, అరవై ఏడు లక్షల సార్లు.
మూడు వారాలు అదే చదివింది, సాండ్‌విచ్ అంచులు ఎండిపోతుంటే.
చివరికి ఒక రాత్రి నాకు చూపించింది:
ల్యాబు జాతిలో ఉన్న ఒక చిన్న ముక్క
నా బూటు జాతిలో లేదు.
"అది లేకపోబట్టే వేరు ఒప్పుకుంది.
ఒప్పుకుందనుకుంటున్నా.
తేల్చాలంటే ఇంకో ఏడాది కావాలి."
ఇద్దరం గోడ మీది క్యాలెండరు వైపు చూడలేదు.

మార్చి వచ్చింది.
కొత్త కాగితం రాలేదు.
బల్ల ఖాళీ చేసి, కప్పు కడిగి,
మూడో వరస నీళ్ళు మాత్రం ఆపొద్దని చెప్పి వెళ్ళింది.
ఏ ఊరో ఇంకా తేలలేదంది.

సున్నాకి ఎనభై కింద గడ్డకట్టిన పెట్టెలో
ఆమె చేతిరాతతో ఒక సీసా ఉంది:
"గెల్లెర్ట్, ఎడమ."
మొన్న గాలివానకి ఊరంతా కరెంటు పోతే
అర్ధరాత్రి సైకిలెక్కి వెళ్ళాను.
జనరేటరు గొణుగుతోంది.
తెల్లారేదాకా దాని పక్కనే కూర్చున్నాను,
బూట్లు గుమ్మం బయట విడిచి.